ముప్పై ఎనిమిదేళ్లకు బాత్ మిట్స్వా: నా అనుభవం

యూదుల ఇళ్లలోకి కోడళ్లుగా వెళ్లిన తెలుగు అమ్మాయిలు కొందరు ఈ మధ్య నాకు మెసేజీలు పెట్టి ఒకటే అడుగుతున్నారు: "అక్కా, నువ్వు తోరా చదివావట కదా, ఎలా నేర్చుకున్నావు, ఎంత కాలం పట్టింది, ఎంత ఖర్చయింది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. తోరా అంటే యూదుల ధర్మగ్రంథం, బైబిల్లో మొదటి అయిదు పుస్తకాలు, చర్మపత్రపు చుట్ట మీద చేత్తో రాసి ఉంటుంది. మతధర్మాలకు తానే బాధ్యురాలయ్యే వయసు ఆడపిల్లకు వచ్చినప్పుడు చేసే వేడుక బాత్ మిట్స్వా, మా దగ్గర ఆ రోజు సభలో తోరా చదువుతారు. మేముండేది న్యూజెర్సీలో. మా సినగాగ్, అంటే యూదుల ప్రార్థనామందిరం, కన్సర్వేటివ్ శాఖది, అంటే ఆర్థడాక్స్‌కీ రిఫార్మ్‌కీ మధ్యలో ఉండేది. నేను 2021లో మతం మారాను. ఆ కథ వేరు, ఇక్కడ చెప్పను. ఇది ఆ తర్వాత జరిగింది.

పుట్టుకతో యూదులైన పిల్లలకు ఈ తంతు పన్నెండు, పదమూడేళ్లకు అయిపోతుంది. ఆ వయసులో కుదరనివాళ్లకు పెద్దల క్లాసు పెడతారు. అయితే అది ఏటా ఉండదు. ఒక బ్యాచ్ పూర్తయ్యేదాకా కొత్తది మొదలుపెట్టరు. నేను మతం మారిన వెంటనే అడిగితే, ఇప్పుడున్న బ్యాచ్ వచ్చే వేసవికి అవుతుంది, పేరు రాసుకుంటాం అన్నారు. ఏడాది పైనే ఆగాను. 2022 అక్టోబర్ చివర్లో, పండగలన్నీ అయిపోయాక క్లాసు మొదలైంది.

ఫీజు 360 డాలర్లు. ఈ అంకె ఏమిటా అనుకున్నాను. వీళ్లు కానుకలైనా, చందాలైనా పద్దెనిమిది గుణిజాల్లో ఇస్తారు: 18, 36, 180, 360. మనం నూట పదహార్లు చదివించినట్టే. అది తెలిశాక ఆ క్లాసులో పరాయిదాన్నన్న బెరుకు కొంచెం తగ్గింది. ఫీజుతో పని అయిపోదు. క్లాసులో చేరాలంటే సినగాగ్ సభ్యత్వం ఉండాలి, దానికి మా ఇద్దరికీ కలిపి ఏడాదికి రెండు వేల డాలర్లు దాటుతుంది. కష్టమైనవాళ్లు ఆఫీసులో చెప్పుకుంటే తగ్గిస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు, అడిగేవాళ్లు చాలామంది ఉంటారు.

నాలాంటి కోడళ్లు ఉంటారనుకుని వెళ్లాను. తీరా చూస్తే ఎక్కువమంది డెబ్భై దాటిన ఆడవాళ్లు. పుట్టుకతో యూదులే, బ్రూక్లిన్‌లోనో బ్రాంక్స్‌లోనో పెరిగినవాళ్లు. అన్నదమ్ములు పదమూడేళ్లకు తోరా చదివి సూటూ బూటూ వేసుకుని ఫొటోలు దిగుతుంటే వీళ్లు కేకు ముక్కలు పంచినవాళ్లు. నా పక్కన కూర్చునే ఆవిడకు 77. 1959లో ఆవిడకూ ఏదో చేశారట, కాని శుక్రవారం రాత్రి. శనివారం పొద్దున కాదు. శుక్రవారం రాత్రి ప్రార్థనలో తోరా చుట్ట బయటికి తీయరు. అంటే చుట్ట దగ్గరికి రానివ్వకుండానే వేడుక కానిచ్చేశారన్నమాట. తోరా చదివే రాగం నేర్చుకుంటానని అడిగితే కాంటర్ (ప్రార్థన పాడి నడిపించే ఆయన), "మగపిల్లలకే టైం చాలడం లేదు" అన్నాడట. అరవై ఏళ్లు దాటినా ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయేది.

ఆవిడ పుట్టకముందే, 1922 మార్చి 18న, న్యూయార్క్‌లో రబ్బీ (యూదుల మతగురువు) మొర్దెకై కాప్లన్ తన కూతురు జుడిత్‌కు అమెరికాలోనే మొదటి బాత్ మిట్స్వా చేశాడు. ఆ అమ్మాయి కూడా చుట్టలోంచి చదవలేదు, చుట్టకు దూరంగా నిలబడి అచ్చు పుస్తకంలోంచి చదివింది. ఆడవాళ్లను తోరా దగ్గరికి పిలవచ్చని కన్సర్వేటివ్ పండితుల సంఘం 1955లో చెప్పింది. సామూహిక ప్రార్థనకు కనీసం కావలసిన పదిమందిలో ఆడవాళ్లనూ లెక్కపెట్టచ్చని 1973లో ఒప్పుకుంది. చెప్పినంత మాత్రాన ప్రతి ఊళ్లోనూ తలుపు తెరుచుకోలేదు, ఏ సినగాగ్ ఇష్టం దానిది. పిలవచ్చన్న నాలుగేళ్లకు కూడా మా 77 ఏళ్ల పిల్లకు నేర్పేవాడు దొరకలేదు. ఈ క్లాసు మొత్తంలో నాకు బాగా గట్టిగా అర్థమైంది ఇదే. వేదిక ఎక్కనివ్వడానికి ఒక ఓటు చాలు. ఎక్కి చదవడానికి చదువు కావాలి, ఆ చదువు చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఎవరో ఒకరు చెప్పాలి.

మొదటి చలికాలమంతా అక్షరాలే. కుడి నుంచి ఎడమకు చదవడానికి కళ్లు అలవాటు పడటానికి కొంత టైం పట్టింది. గొంతు లోపలి నుంచి గరగరమని పలికే అక్షరం ఒకటుంది, మన నోటికి తేలిగ్గా రాదు, దగ్గుతున్నానేమో అని మా ఆయన నీళ్లు తెచ్చిచ్చేవాడు. వసంతం వచ్చేసరికి కూడబలుక్కుని చదవగలిగాను.

అక్షరాలతో పాటు ప్రతి వారం సగం క్లాసు తాల్మూద్, అంటే తోరా మీద పాత పండితుల చర్చల గ్రంథం, పాఠం. అది ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఒక పాఠంలో రబ్బీ ఎలియెజెర్, కూతురికి తోరా నేర్పేవాడు ఆమెకు చెడ్డ నేర్పినట్టే అంటాడు. అదే చోట బెన్ అజ్జై, కూతురికి తోరా నేర్పి తీరాలి అంటాడు. ఇద్దరి మాటా అలాగే ఉంచేశారు, ఎవరిదీ కొట్టెయ్యలేదు. ఆచరణలో మాత్రం వందల ఏళ్లపాటు మొదటాయన మాటే నడిచింది. ఇంకో పాఠం మెగిల్లా 23వ పుట: శనివారం తోరా చదివే ఏడుగురిలో ఆడదాన్నీ లెక్కపెట్టచ్చు, కాని "సభ గౌరవం" కోసం ఆడవాళ్లు చదవకూడదని పెద్దలు అన్నారు అని ఉంటుంది. ఆ రోజు క్లాసులో పెద్ద గొడవే జరిగింది. చదవడం రాని మగవాళ్లకు నామోషీ అవుతుందనే కదా ఆ గౌరవం అని ఒకావిడ బల్ల గుద్దింది. మా రబ్బీ కూడా ఆడమనిషే. ఆవిడ నవ్వి, "ఈ ప్రశ్న మీరొక్కరే వెయ్యలేదు" అని నాలుగు పాత వ్యాఖ్యానాలు తీసి బల్లమీద పెట్టింది.

2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌లో జరిగిన హమాస్ దాడితో మా క్లాసు కొన్ని వారాలు ఆన్‌లైన్‌లోకి మారింది. తిరిగి వెళ్లేసరికి గుమ్మం దగ్గర కాపలా పెరిగింది. కొందరి చుట్టాలు అక్కడున్నారు. పాఠం మధ్యలో ఫోన్ చూసుకుని బయటికి వెళ్లిపోయేవాళ్లు. ఆ చలికాలం ఎవరికీ చదువు మీద మనసు లేదు, అయినా మానేసినవాళ్లు లేరు.

డిసెంబర్‌లో తేదీ ఇచ్చారు: జూలై 27. తోరాలో వారానికో భాగం చదువుతారు, ఆ వారం పిన్హాస్ అనే భాగం. మా సినగాగ్‌లో మూడేళ్ల పద్ధతి నడుస్తుంది, ఏటా ప్రతి భాగంలో మూడో వంతు చదువుతారు. ఆ ఏడాది వంతులో సెలోపెహాదు కూతుళ్ల కథ ఉంది. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేని తండ్రి ఎడారిలో చనిపోతే, అయిదుగురూ మోషే ముందుకొచ్చి భూమిలో వాటా అడుగుతారు. మోషేకు జవాబు తెలియక దేవుణ్ణి అడుగుతాడు. "ఆ కూతుళ్లు అంటున్నది నిజమే" అంటాడు దేవుడు. వచనాలు పంచితే వాళ్లు వచ్చి అడిగే అయిదు వచనాలు నాకు వచ్చాయి. దేవుడి జవాబు నా పక్కావిడకు పడింది.

ఆ తర్వాత ఒక ఫారం ఇచ్చారు. తోరా దగ్గరికి పిలిచేటప్పుడు ఏ పేరుతో పిలవాలో అందులో రాయాలి. హీబ్రూ పేరు, ఆ తర్వాత ఫలానావాళ్ల కూతురు అని. మతం మారినవాళ్లను, యూదుల మూలదంపతుల పేర్లతో, "అవ్రహామ్, సారాల కూతురు" అని పిలుస్తారు. ఇది నాకు ముందే తెలుసు, మారిన రోజు కాగితంలోనూ అలాగే రాశారు. అప్పుడేమీ అనిపించలేదు. ఈసారి వీడియో కాల్‌లో నాన్నకు చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనింటిపేరు ఎక్కడా రాదా అమ్మా?" అన్నారు. కోపంగా కాదు, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు మామూలుగానే. మేం ఇద్దరం ఆడపిల్లలమే. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

నా అయిదు వచనాల్లో నాలుగోది ఏమిటో అప్పటికి నేను అర్థంతో చదవలేదు, శబ్దాలే బట్టీ పడుతున్నాను. నాలుగైదు రోజుల తర్వాత రైల్లో అనువాదం తీసి చూశాను. "కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఆయన వంశంలోంచి ఎందుకు పోవాలి?" అని ఉంది. నెవార్క్‌లో దిగాల్సినదాన్ని దిగలేదు.

అసలు కష్టం రాగం నేర్చుకోవడంలో ఉంది. తోరా చుట్టలో హల్లులే ఉంటాయి. అచ్చుల గుర్తులు ఉండవు, రాగం గుర్తులు ఉండవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో చెప్పే చుక్క కూడా ఉండదు. అందుకని టిక్కున్ అనే పుస్తకం కొనాలి, నాకు నలభై డాలర్ల పైచిలుకు అయింది. ప్రతి పుటలో ఒక పక్క గుర్తులన్నీ ఉన్న పాఠం, రెండో పక్క చుట్టలో ఉన్నట్టే బోసిగా ఉన్న పాఠం. ఇటు చూసి నేర్చుకుని అటు చూసి అప్పజెప్పాలి. కాంటర్ నా వచనాలు పాడి ఫోన్‌లో పంపాడు. ఆ రికార్డింగ్‌ని బట్టీ కొడితే చాలనుకునేవాళ్లకు ఒక మాట: అలా చేస్తే ఆ అయిదు వచనాలే వస్తాయి. ట్రోప్ గుర్తులు, అంటే రాగం గుర్తులు, ఒక్కొక్కటీ విడిగా నేర్చుకుంటే ఏ పుటైనా చదవచ్చు. మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, విసుగొస్తుంది. అయినా అదే దారి.

ఇక మా ఆడపడుచు సంగతి. ఆవిడ కాలేజీ రోజుల్లోనే ఆర్థడాక్స్ అయిపోయింది. వాళ్ల సినగాగ్‌లో ఆడవాళ్లు తెర వెనక కూర్చుంటారు, తోరా దగ్గరికి వెళ్లరు. నా మతమార్పిడిని వాళ్ల రబ్బీలు లెక్కలోకి తీసుకోరు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కాని చదువులో ఆవిడ ముందు నేనేపాటి? ఆవిడ దఫ్ యోమి చేస్తుంది, అంటే రోజుకో తాల్మూద్ పుట, మొత్తం అవడానికి ఏడున్నరేళ్లు. 2020 జనవరిలో జెరూసలేంలో ఆ చక్రం పూర్తయినప్పుడు హద్రాన్ సంస్థ ఆడవాళ్లకోసం జరిపిన సభకు వేలమంది వచ్చారు, అది చూసి మొదలుపెట్టిందట. పిల్లల లంచ్ బాక్సులు సర్దుతూ చెవిలో పాఠం పెట్టుకుని వింటుంది.

నా భాగం ఏమిటో చెప్తే ఆవిడకు ఉత్సాహం ఆగలేదు. ఆ జూన్ చివర్లోనే వాళ్ల చదువు తాల్మూద్‌లోని బావా బత్రా గ్రంథంలోకి వచ్చింది. సెలోపెహాదు కూతుళ్ల ముచ్చట దాని 119వ పుటలో ఉంది, మామూలుగా వెళ్తే అక్టోబర్‌కు గాని రాదు. నాకోసం ముందుకు తిప్పి చదివి, ఫోన్‌లో గంటసేపు చెప్పింది. వాళ్లు జ్ఞానవంతులు, శాస్త్రం విప్పి చెప్పగలిగినవాళ్లు, ధర్మాత్ములు అని తాల్మూద్ అంటుందట. మోషే కళ్లకు కనబడనిది వాళ్ల కళ్లకు కనబడింది అని తోరా వ్యాఖ్యాత రాషీ రాశాడట. "వచ్చి వింటావా?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. శనివారం విశ్రాంతి దినం కాబట్టి కారెక్కదు, మగా ఆడా కలిసి కూర్చునే చోటికి రాదు. అడగలేదు. ఆవిడే, "ఆ టైంకి నేను ఇంట్లో అదే భాగం చదువుతూ ఉంటాను" అంది.

తల్లీత్, అంటే ప్రార్థనలో కప్పుకునే శాలువా, కొనాలంటే నూట యాభై డాలర్లు. ఆడవాళ్లు తప్పనిసరిగా కప్పుకోవాలని లేదు, మా బ్యాచ్‌లో ఇద్దరు వద్దన్నారు. నాకు కావాలనిపించింది. నాలుగు మూలలున్న ఏ గుడ్డయినా పనికొస్తుంది, ఉన్నీ, అవిసెనార (లినెన్) రెండూ కలిసిన నేత మాత్రం ఉండకూడదు అని టీచర్ చెప్పింది. అమ్మ మంగళగిరి నూలు గుడ్డ పంపింది. మూలలకు కట్టే దారాల ప్యాకెట్ ఇరవై డాలర్ల లోపే. ఒక్కో మూలకు అయిదు ముళ్లు, మధ్యలో ఏడు, ఎనిమిది, పదకొండు, పదమూడు చుట్లు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా దానికే పట్టింది.

జూలై మొదట్లో క్యాలెండర్ చూసుకుంటే ఇంకో టెన్షన్ పట్టుకుంది. నా నెలసరి సరిగ్గా ఆ శనివారం అటూ ఇటూగా వచ్చేలా ఉంది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ దేవుడి గది వైపు పోనిచ్చేవాళ్లు కాదు. ఒక సంక్రాంతికి పెరట్లో కుర్చీ వేసుకుని ఒక్కదాన్నే కూర్చోవడం నాకు బాగా గుర్తు. తోరా చుట్ట దగ్గరికి అలా వెళ్లచ్చా? మా ఆయనకు తెలీదు. రబ్బీకి మెయిల్ పెట్టడానికి సిగ్గేసింది, పెట్టాను. గంటలో జవాబొచ్చింది: తోరా మాటలకు మైల అంటదని తాల్మూద్‌లో ఉంది, ఆ స్థితిలో ఉన్న స్త్రీ కూడా చుట్ట పట్టుకుని చదవచ్చని పదహారో శతాబ్దపు ధర్మశాస్త్రం షుల్హాన్ అరూఖ్ చెప్తోంది, నిశ్చింతగా రండి అని. చర్మపత్రాన్ని ఒట్టి చేత్తో ఎవరూ ముట్టుకోరు, మగవాళ్లైనా సరే, అందుకే చదివేటప్పుడు వెండి పుల్లతో చూపిస్తారు. అలాగని ఈ మతంలో అంటూ ముట్టూ లేదనుకోకండి. భార్యాభర్తల మధ్య బోలెడు నియమాలున్నాయి, మా ఆడపడుచు నెలనెలా మిక్వేకు, అంటే శుద్ధిస్నానపు కొలనుకు, వెళ్లి మునుగుతుంది. కొన్నిచోట్ల ఒకప్పుడు ఆ రోజుల్లో ఆడవాళ్లు సినగాగ్‌కు రాని ఆచారమూ ఉండేదట. కాని ఆ మెయిల్ చదివాక చాలాసేపు కోపంగా ఉన్నాను. ఎవరిమీదో చెప్పలేను.

చదవడంతో పాటు అయిదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. నేను అమ్మ కథ చెప్పాను. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ వాటా ఉండాలని ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదు. అమ్మ పెళ్లి 1983లో అయింది. పిన్ని పెళ్లి తర్వాత అయింది. ఒకే తాతయ్య, ఒకే కాలువ కింద పొలం, ఒక కూతురు చట్టంలో ఉంది, ఒక కూతురు లేదు. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసేటప్పటికి మా వాళ్ల పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. సెలోపెహాదు కూతుళ్లకు కూడా వాటా వచ్చాక, 36వ అధ్యాయంలో, సొంత తెగలోనే పెళ్లాడాలని షరతు పెడతారు. ఇచ్చిన చేత్తోనే కొంచెం వెనక్కి లాక్కోవడం కొత్తేమీ కాదు. ఈ ముక్క అనేసరికి మా ముసలి బ్యాచ్ అంతా గట్టిగా నవ్వింది. చివర్లో అమ్మ పేరు, నాన్న పేరు ఇంటిపేరుతో సహా మైకులో చెప్పాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఆ రోజు సంగతులు. ఆఫీసు నుంచి తెలుగు స్నేహితులు వచ్చారు. వచ్చేవాళ్ల పేర్లు వారం ముందే సెక్యూరిటీకి ఇవ్వాలి, లేకపోతే గుమ్మం దగ్గర ఆపేస్తారు. ఫోన్లు బయటికి తీయకూడదు, ఫొటోలు లేవు. ఫొటోలు గురువారం రిహార్సల్‌లో తీసుకోవాలి, నేనూ అలాగే తీసుకుని అమ్మకు పంపాను. తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండు దాటాక అయిపోయింది. తోరా తీసేది మధ్యలో, కాబట్టి పొద్దున ఏదో ఒకటి తిని వెళ్లండి, నాకైతే కడుపు నకనకలాడింది.

పిలిచారు, వెళ్లాను. చుట్టకు అటొకరు ఇటొకరు గబ్బాయ్‌లు నిలబడి, ప్రతి అక్షరం పుస్తకంతో సరిచూస్తారు. తప్పు పలికితే అందరికీ వినబడేలా సరిదిద్దుతారు. పరువు పోతుందని నాకు భయం ఉండేది. నా తర్వాత వచ్చిన 77 ఏళ్లావిడ ఒక మాట తడబడితే ఇద్దరూ ఒకేసారి అందించారు. ఆవిడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివి ముందుకు సాగిపోయింది. సభలో ఒక్కరూ తల తిప్పలేదు. అక్కడది మామూలే. నా అయిదో వచనంలో "మిష్పాతాన్" అనే మాటలో ఆఖరి అక్షరం మిగతావాటికన్నా పెద్దగా రాసి ఉంటుంది, ప్రతి చుట్టలోనూ అంతే, ముందే చెప్పారు. అది కనబడగానే గట్టెక్కినట్టయింది. నాలుగో వచనం దగ్గర మాత్రం గొంతు వణికింది, రాగం తప్పలేదు.

తర్వాత భోజనం, దాన్ని కిద్దుష్ అంటారు. ఖర్చు బ్యాచ్ అంతా పంచుకున్నాం, నా వంతు 270 డాలర్లు. పులిహోర చేసి తీసుకెళ్దామనుకున్నాను. ఇంట్లో వండింది ఏదీ సినగాగ్ వంటగదిలోకి రానివ్వరు, మత నియమాల ప్రకారం వండే కోషర్ కేటరర్ తెచ్చిందే పెట్టాలి. ఇది ముందే కనుక్కుంటే చింతపండు మిగిలేది. సాయంత్రం స్నేహితుల్ని ఇంటికి పిలిచి అక్కడ పెట్టాను.

సోమవారం పొద్దున్నే మెయిల్: ఆగస్టులో ఒక గురువారం ప్రార్థనకు చదివేవాళ్లు కావాలి, చిన్న భాగమే, చేస్తారా? చదవడం వచ్చిందని తెలిస్తే వదలరు. ఒప్పుకున్నాను. మా 77 ఏళ్లావిడ నాకన్నా ముందే ఇంకో రోజుకు పేరిచ్చేసింది. కొత్త బ్యాచ్ ఆ అక్టోబర్ చివర్లో మొదలవుతుందన్నారు. మీ ఊళ్లో చేరాలనుకునేవాళ్లు పండగల సీజన్ దాకా ఆగకుండా ఆగస్టులోనే ఆఫీసుకు ఫోన్ చేసి పేరిచ్చేయండి. సెప్టెంబర్ వస్తే అక్కడ ఎవరూ ఫోనెత్తరు.